మా మనిషి కాదండి

హారిక మొన్నామధ్య పొద్దున్నే బాపట్ల వచ్చి, చెప్పులు గుమ్మం అవతలే విడిచి, పలకరింపు కూడా లేకుండా నా చేతిలో ఫోను పెట్టింది. వెనకాల వాళ్ళ నాన్న నాగేశు ఎండు నెత్తళ్ళ పొట్లం పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నాగేశు పోయిన మా తమ్ముడి కొడుకు. రేపల్లె దాటి సముద్రం ఒడ్డున, నేను పుట్టిన ఊళ్ళోనే ఉంటాడు. ఎవరిదో బోటు మీద కూలి కలాసీగా చేపల వేటకు పోతాడు. వాడు నా ఇంటికొచ్చి కూర్చోకుండా నిలబడటం అదే మొదటిసారి. కళ్ళజోడు వెతుక్కుని ఫోను చదివాను. 'అనర్హులు' అని ఎర్రటి అక్షరాలు. దాని కింద కారణం కూడా రాశారు: కుటుంబంలో ప్రభుత్వ పింఛనుదారు ఉన్నారు.

"ఎవర్రా ఆ మహానుభావుడు? మన ఇంటా వంటా లేని పింఛనుదారు ఎక్కణ్ణించి ఊడిపడ్డాడు?" అని నవ్వాను.

ఎవరూ నవ్వలేదు. "నువ్వే మామ్మా" అంది హారిక.

సంగతి ఇది. తెనాలిలో ఒక శిక్షణ సంస్థ ఉంది. ఏసీలు, ఫ్రిజ్‌లు, కోల్డ్ స్టోరేజీ యంత్రాలు బాగుచేసే పని ఏడాది పాటు నేర్పుతారు. ఉండటానికి హాస్టలు, నెలనెలా స్టయిపెండు, అయిపోగానే ఉద్యోగం. డబ్బు కట్టి చేరతామన్నా చేర్చుకోరు. ప్రభుత్వం పెట్టిన నిబంధనల ప్రకారం అర్హులైన పేద కుటుంబాల పిల్లలకే ఆ సీట్లు. పరీక్షలో మా హారికకు రెండో స్థానం వచ్చింది. ఇంటరు అయ్యాక ఆ పిల్ల ఊళ్ళో ఐస్ ఫ్యాక్టరీలో ఆఫీసు పనికి కుదిరి, ఆఫీసులో కూర్చోకుండా రోజంతా కంప్రెషర్ దగ్గరే తచ్చాడేదట. అమ్మోనియా ఎక్కడ కారుతోందో మెకానిక్కు కంటే ముందు దీని ముక్కుకే తెలిసేదని అక్కడి వాళ్ళే చెప్పారు. అలాంటి పిల్లకు వచ్చిన సీటు అది. శనివారంలోగా అర్హత చూపించకపోతే జాబితాలో తర్వాతి పేరుకు వెళ్ళిపోతుంది. వాళ్ళు వచ్చింది సోమవారం.

నేను ఆ ఇంట్లో ఉండను. బాపట్లలో కాలవల ఆఫీసులో ప్లాన్లు గీసే ట్రేసరుగా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరై, ఇక్కడే ఒక్కదాన్నే వండుకు తింటున్నాను. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదన్నది ఈ అధ్యాయానికి అక్కర్లేని కథ. కొన్నేళ్ళ కిందట మోకాలికి ఆపరేషను అయినప్పుడు నాగేశు వచ్చి, "నీకిక్కడ మంచినీళ్ళెవరిస్తారత్తా" అని కారులో పడుకోబెట్టి తీసుకుపోయాడు. వాడి పెళ్ళాం దేవి మూడు నెలలు నన్ను కన్నతల్లిలా చూసింది. ఆ రోజుల్లోనే ఇంటింటి సర్వే మనిషి ఒకాయన వచ్చాడు. ఇంట్లో ఎంతమంది అని అడిగాడు. "అయిదుగురం అండి" అంది దేవి, చేపలు తోముతూనే. మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు కలిసి నలుగురే కదా, ఈ మామ్మగారిని కూడా రాయాలా అన్నాడాయన. "రాయక? మా ఇంటి పెద్దండి ఆవిడ. మా మనిషి" అంది దేవి.

మా పల్లెకారు వాళ్ళలో, అంటే సముద్రం మీద బతికేవాళ్ళలో, ఒక పట్టింపు ఉంది. ఇంట్లో అన్నం తింటున్న మనిషిని ఎవరడిగినా లెక్కలోంచి వదిలేయకూడదు. వేటకు పోయిన మనిషి తిరిగి రాడని తేలిపోయాకే ఆ ఇంట్లో ఒక తల తగ్గించి చెబుతారు. కాబట్టి బతికున్న మనిషిని లెక్కలో వదిలేయడమంటే మా దగ్గర చావు కోరుకోవడమే. అందుకే దేవి నన్ను లెక్కలో రాయించింది. ఏ పల్లెకారు ఆడదైనా అదే చేస్తుంది. సర్వే మనిషి తన యంత్రం నా దగ్గరికి తెచ్చి వేలు పెట్టమన్నాడు, పెట్టాను. ఏం రాశాడో అడగలేదు. ఊరికే పెట్టలేదు, పొంగిపోతూ పెట్టాను. 'మా మనిషి' అని నన్ను ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో! ఆ వేలిముద్రతోనే నా పింఛను వెళ్ళి ఆ ఇంటి పేరు మీద కూర్చుందని, అది ఒకనాడు ఈ పిల్ల మెడకు చుట్టుకుంటుందని నాకేం తెలుసు?

హారిక ఫోను చూసిన ఆ పూట నాకు వచ్చిన కోపం కొత్తది కాదు. ఆ కోపం నాకు పదిహేడేళ్ళప్పుడు ఒకసారి వచ్చింది, అప్పుడు అది మా అయ్య మీద.

మా ఇల్లు ఉప్పుగాలి సగం తినేసిన మట్టిగోడల ఇల్లు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ముందు గుర్తొచ్చేది చేపల వాసన కాదు, తుమ్మచెక్క వాసన. అప్పట్లో నూలు వలలు. ఉప్పునీటికి పాడైపోకుండా తుమ్మచెక్క కాచిన నీళ్ళలో వాటిని నానబెట్టేవాళ్ళు. పెరట్లో పెద్ద కాగు, అందులో ఎర్రగా మరిగే కషాయం, ఆ వగరు వాసన మా బట్టలకీ జుట్టుకీ చివరికి అన్నానికీ పట్టేది. మా అమ్మ ఇసకలో నెత్తళ్ళు ఆరబోసి, చేతిలో కర్రతో కాకుల్ని తోలుతూ కూర్చునేది. మా నాయనమ్మ తెల్లారేసరికి గంప నెత్తికెత్తుకుని రేపల్లె చేరి, అక్కణ్ణించి పాసింజరు బండెక్కి తెనాలిలో ఎండుచేపలు అమ్మి పొద్దుగూకేలోపు ఇల్లు చేరేది. బండిలో ముక్కు మూసుకున్న వాళ్ళనే పిలిచి, "ఇప్పుడు మూసుకుంటావులే తల్లీ, పులుసులో పడితే నీ ముక్కే దారి చూపిస్తంది" అని వాళ్ళకే చేపలు అంటగట్టే మనిషి. నాయనమ్మకు నోరు ఎంత పెద్దదో అయ్యకు అంత చిన్నది. వేట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుని, మాట్లాడకుండా వల ముందేసుకుని కూర్చునేవాడు.

అయ్య మాట్లాడే కొద్ది మాటల్లో ఒకటి మాత్రం రోజూ వినబడేది. దారిన పోయే ఎవరైనా "వేట ఎట్టా ఉంది?" అంటే, "తల్లి చల్లగా చూస్తంది" అనేవాడు. తట్ట నిండినా అదే మాట, వట్టి తడి వల భుజాన వేసుకుని వచ్చినా అదే మాట. అయ్య ఒక్కడే కాదు, మా ఒడ్డున ఏ మగవాడూ 'పడలేదు' అనేవాడు కాదు. ఒడ్డున నిలబడి అన్న మాట సముద్రానికి వినబడుతుందని మా వాళ్ళ నమ్మకం. రోజూ అన్నం పెట్టే తల్లి ఒక పూట పెట్టలేదని ఊళ్ళో చాటితే తల్లికి మనసు విరగదా అనేవాళ్ళు. చిన్నప్పుడు నాకు ఈ మర్యాద ఎంతో గొప్పగా ఉండేది. ఆకలితో పడుకున్న రోజున కూడా గొప్పగానే ఉండేది.

రేపల్లెలో బంధువుల ఇంట్లో ఉండి పదో తరగతి దాకా చదివాను. నా నోటుపుస్తకాల వెనక పేజీల్లో గీసిన వలల బొమ్మలు చూసి, కన్ను తర్వాత కన్ను అంత సమంగా ఎలా గీశావే అని మా లెక్కల టీచరమ్మ నన్ను నిలదీసింది. తెనాలిలో డ్రాఫ్ట్స్‌మన్ పని నేర్పే చోటు ఒకటుందని, పాసైతే గవర్నమెంటు ఉద్యోగం వస్తుందని, పేదపిల్లలకు స్టయిపెండు ఇస్తారని చెప్పి ఆవిడే దరఖాస్తు నింపింది. సీటొచ్చింది, చేరాను. టీ-స్క్వేరు, సెట్‌స్క్వేర్లు, నల్లటి సిరా నింపి గీసే రూలింగ్ పెన్ను చేతికొచ్చాయి. నా గీత చూసి అక్కడి సారు మొదటి వారంలోనే నా కాగితం గోడకు పెట్టించాడు. స్టయిపెండు వస్తేనే గదికీ తిండికీ గడుస్తుంది, రాకపోతే గంప పట్టుకుని నాయనమ్మ వెనక బండెక్కాల్సిందే. ఇంటి పరిస్థితి విచారించడానికి ఒక అధికారి మా ఊరు వస్తాడని కబురొచ్చింది. నేను కూడా సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను.

ఆయన సైకిలు తొక్కలేక ఇసకలో నడిపించుకుంటూ వచ్చాడు. చెడ్డవాడేం కాదు, ఆ మాట ఇప్పటికీ చెబుతాను. ఒక పెద్దమనిషి మా గుమ్మం తొక్కడం అదే మొదలు కాబట్టి అయ్య నులకమంచం వాల్చి, పక్కింటి వాళ్ళ తట్టలోంచి పండుగప్ప చేప ఒకటి చేబదులు తెచ్చి, అరిటాకులో చుట్టి ఆయన సైకిలుకు కట్టించాడు. మా ఇంట్లో ఆ పూట గంజి తప్ప ఏమీ లేదు. అధికారి మంచం మీద కూర్చుని కాగితం తీశాడు.

"ఏమయ్యా, వేట ఎట్టా ఉంది?"

"తల్లి చల్లగా చూస్తందండి."

"పడవ ఎవరిది?"

"మాదేనండి."

"తిండికేమైనా ఇబ్బందా?"

"అబ్బే, అట్టాంటిదేం లేదండి. తమరి దయవల్ల వచ్చినవాళ్ళకి పెట్టటానికి కూడా లోటు లేదండి."

ఆ పడవ ఏడుగురిది. వలకొక పాలు, పడవకొక పాలు తీసి మిగిలింది మనిషికింత అని పంచుకునేవాళ్ళు. పాలున్న ప్రతివాడూ దాన్ని మాదేననేవాడు, అనకపోతే మిగతా ఆరుగురికీ చిన్నతనం. ఆ అధికారికి ఈ సంగతులేవీ తెలియవు, అడగలేదు కూడా. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, అన్న మాట అన్నట్టే రాసుకున్నాడు. గుమ్మంలో నిలబడి నేను వింటూనే ఉన్నాను. అయ్య మర్యాదగా మాట్లాడుతున్నాడని మురిసిపోయానే తప్ప, ఒక్కో మాటతో నా చదువు ఊడిపోతోందని నాకు తట్టలేదు. వారం తిరక్కుండా తెనాలిలో సారు క్లాసులో అందరి ముందూ కాగితం చదివాడు. "నీకు స్టయిపెండు రాదమ్మాయ్. మీ నాన్న పడవ ఓనరంటగా!" అందరూ నవ్వారు. నా పరికిణీ అంచు ఎన్నిసార్లు కుట్టుకున్నానో ఆ క్లాసులో అందరికీ తెలుసు.

ఇంటికెళ్ళి అయ్య మీద పడ్డాను. ఉన్నది ఉన్నట్టు ఎందుకు చెప్పలేదన్నాను. నీ తల్లి చల్లగా చూస్తే మనం గంజి ఎందుకు తాగుతున్నాం అన్నాను. ఆ మాటకు అమ్మ నా నోరు మూసింది. అయ్య వల కన్నులు ముడేస్తూ ఉండిపోయాడు.

అయ్య సంగతి అక్కడ ఆపి, హారిక వచ్చిన మర్నాటి మంగళవారం సంగతి చెబుతాను. నాగేశుతోనూ హారికతోనూ కలిసి వాళ్ళ ఊరి సచివాలయానికి వెళ్ళాను. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి మర్యాదస్తురాలు, నాకు కుర్చీ వేసింది. నేను బాపట్లలో ఉంటానని, ఈ ఇంటికీ నా పింఛనుకూ సంబంధం లేదని, నా పేరు తీసేయమని చెప్పాను. ఆ అమ్మాయి ఏవేవో నొక్కి, తల గోక్కుని, "ఒక మనిషిని కుటుంబంలోంచి తియ్యాలంటే సిస్టమ్‌లో మూడే ఆప్షన్లు ఉన్నాయి మామ్మగారూ" అంది.

"ఏంటవి?"

"పెళ్ళి, విడాకులు..." అని ఆగిపోయింది.

"మూడోది నే చెప్పనా? చావు. ఈ వయసులో నాకు పెళ్ళికొడుకుని నువ్వు వెతికిపెట్టలేవు, పెళ్ళే లేనిదానికి విడాకులు ఎవడిస్తాడు? ఆ మూడోదే నొక్కెయ్యమ్మా, పనైపోతుంది" అన్నాను.

"అట్టా అనకండి మామ్మగారూ, నాకు భయమేస్తంది" అంది ఆ అమ్మాయి. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకెవరినో ఫోనులో అడిగి, ఇంకో దారి ఉందని చెప్పింది. అధికారి ఇంటికి విచారణకు వస్తాడు. ఇంటి యజమాని స్వయంగా, ఈమె మా కుటుంబ సభ్యురాలు కాదు, మా ఇంట్లో ఉండదు, మాకు ఏమీ పెట్టదు అని చెప్పి వేలిముద్ర వేయాలి. అప్పుడు తీస్తారు.

బయటికి రాగానే నాగేశు చెట్టు కింద ఆగిపోయాడు. "నేననలేనత్తా" అన్నాడు. "దేవికి తెలిస్తే ప్రాణం మీదికి తెచ్చుకుంటది. నువ్వు బతికుండగా నువ్వు మా మనిషివి కాదని నా నోటితో చెప్పమంటావా? సీటు పోతే పోయిందిలే. ఐస్ ఫ్యాక్టరీ ఉండనే ఉంది." పక్కనే హారిక. ఆ పిల్ల దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మంచితనంతో కూతురి గొంతు కోసే మగవాడు మా ఇంట్లో తరానికొకడు పుడుతున్నాడు. వాడికంటే ఎక్కువ మండింది ఆ నిబంధనలు రాసిన వాళ్ళ మీద. చివరికి నేను తెనాలిలో చదివింది ప్రభుత్వం ఇచ్చిన స్టయిపెండుతోనే, అదెలా వచ్చిందో చెబుతాను. ఆ చదువు ఉద్యోగమిచ్చింది, ఆ ఉద్యోగం ఈ పింఛను ఇచ్చింది. ఇప్పుడు అదే పింఛను చూపించి మా ఇంట్లో ఇంకో ఆడపిల్లను బయటికి నెడుతున్నారు. ఒక ఇంట్లో ఒక్కరు గట్టెక్కితే ఇక ఆ ఇంట్లో ఎవరూ ఎక్కకూడదా? గట్టెక్కిన మనిషిని మనిషే కాదని ఒప్పుకుంటే తప్ప రెండోవాళ్ళకి చెయ్యి ఇవ్వరా? అప్పటి అధికారి కనీసం ఇసకలో సైకిలు తోసుకుంటూ వచ్చాడు. తప్పు విన్నాడు, కానీ విన్నాడు. మళ్ళీ వెళ్ళి చెప్పుకోవడానికి ఒక మొహం ఉండేది. ఇప్పుడు ఎవరిని అడిగినా 'సిస్టమ్ తీసుకోవట్లేదండి' అంటారు, ఆ సిస్టమ్ ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు. నా చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయా అంటే అదీ లేదు. ప్లాన్ల నకళ్ళు తీసే అమ్మోనియా ప్రింట్ల ఘాటులో ముక్కు మండుతూ పనిచేసిన ఆ ఏళ్ళన్నిటిలో, పంటబోదె కాలవ ప్లాను కోసం వచ్చిన ఎందరు రైతులకు తలెత్తకుండా "సంతకం లేదు, రేపు రా" అన్నానో నాకే తెలియదు.

ఆ చెట్టు కిందే నాగేశుకు వాళ్ళ తాత సంగతి చెప్పాను. వాడికి తెలియదు, మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

స్టయిపెండు రాదన్నాక నేను తెనాలి తిరిగెళ్ళి సామాను సర్దుకోబోతుంటే, ఊళ్ళో నాయనమ్మ అయ్య ముందు గంప దించి, "నాలిక కావాలో పిల్ల కావాలో తేల్చుకోరా" అంది. రెండు రోజులకు అయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని రేపల్లె వచ్చాడు. నేను తెనాలి నుంచి బండిలో వచ్చి స్టేషను దగ్గర కలుసుకున్నాను. ఆఫీసు వరండాలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాటేదాకా నిలబడ్డాం. లోపలికి పిలిచిన పెద్ద అధికారి పాత కాగితం తిరగేసి, "ఆ రోజు బాగుందన్నావు. ఇవాళ లేదంటూ వచ్చావు. ఏది నిజమయ్యా?" అన్నాడు. అయ్య సముద్రం ఉన్న దిక్కుకు, అంటే బీరువాలు ఉన్న గోడ వైపుకు తిరిగి చూశాడు. నేను మోచేత్తో పొడిచాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మోచెయ్యి విరిచేసుకోవాలనిపిస్తుంది.

"సముద్రం మాకు అన్నం పెట్టటం లేదండి" అన్నాడు.

"గట్టిగా చెప్పు."

"పెట్టటం లేదండి. పడవ నా ఒక్కడిదీ కాదండి. వల కూడా నా ఒక్కడిదీ కాదండి."

"మరి నీదంటూ ఏముంది?"

"రెక్కలండి" అన్నాడు అయ్య. పక్కనున్న గుమాస్తా కిసుక్కున నవ్వాడు. అధికారి సంతకం పెట్టాడు, నాకు స్టయిపెండు వచ్చింది. అయ్య చెప్పింది అక్షరాలా నిజం. జీవితంలో చెప్పిన అబద్ధాలన్నీ తలెత్తుకుని చెప్పిన మనిషి, ఆ ఒక్క నిజం చెప్పి తల దించుకున్నాడు. హోటల్లో ఇడ్లీ తినమంటే వద్దన్నాడు. ఇంటికి పోయి తొమ్మిది రోజులు పడవెక్కలేదు, ఏ మొహం పెట్టుకుని ఎక్కాలన్నాడట. తర్వాత ఎక్కాడు, చాలా ఏళ్ళు వేట చేశాడు. కానీ వేట ఎట్టా ఉందని ఎవరైనా అడిగితే తల మాత్రమే ఊపేవాడు. ఆ పాత మాట మళ్ళీ ఆయన నోట మేమెవరమూ వినలేదు.

"అయినా చెప్పాడుగా" అన్నాను నాగేశుతో. "నువ్వూ చెబుతావు. చెప్పకపోతే నీ గుమ్మం నేనెక్కను. అప్పుడు నిజంగానే నీ మనిషిని కాకుండా పోతాను." వాడు చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు, సరేనన్నాడు.

గురువారం విచారణ. నేను ఆ ఇంట్లో కనబడితే వ్యవహారం చెడుతుందని సచివాలయం అమ్మాయి ముందే చెప్పింది. అందుకని పక్కింటి దడి వెనక, వాళ్ళ మేకపిల్లల మధ్య పీట వేసుకుని కూర్చున్నాను. మా అయ్య కట్టిన ఇంటి జాగా అది, నా బొడ్డు కోసిన చోటు అది, నేను అక్కడ దొంగలా దాక్కున్నాను. అధికారి గొంతు వినబడింది. ఈ పింఛనుదారు మీకేమవుతారు అన్నాడు.

"మా అత్తండి" అన్నాడు నాగేశు.

"అట్టా కాదు బాబాయ్. మీ కుటుంబమా, కాదా? ఒక మాట చెప్పు. ఫోనులో రికార్డు చెయ్యాలి."

 దేవి లోపలికి వెళ్ళిపోయి తలుపేసుకున్న చప్పుడైంది. ఆ తర్వాత, "మా మనిషి కాదండి" అన్నాడు.

వేలు పెట్టమన్నారు. ఆ యంత్రం తీసుకోలేదు. మోకు లాగి, ఉప్పునీళ్ళలో నాని అరిగిపోయిన వేళ్ళు అవి, గీతలు ఎక్కడుంటాయి? తీసుకోకపోతే ఆ అప్లికేషను మొత్తం మొదటికొస్తుందట, మాట కూడా మళ్ళీ రికార్డు చెయ్యాలట. "ఇంకోసారి చెప్పు బాబాయ్" అన్నాడు అధికారి. మా మనిషి కాదండి. వేలు తుడుచుకో, ఇంకోసారి. మా మనిషి కాదండి. వేరే వేలు పెట్టు, మళ్ళీ చెప్పు. నాలుగోసారికి తీసుకుంది. నాలుగుసార్లూ నేను విన్నాను. అయ్యను కనీసం రెండుసార్లే అడిగారు. అధికారి వెళ్ళిపోయాక నాగేశు దడి దగ్గరికి రాలేదు, నేనూ పిలవలేదు. పక్కింటి వాళ్ళ వెనక దారిన రోడ్డెక్కి, రేపల్లె వెళ్ళే ఆటో పట్టుకున్నాను.

శుక్రవారం సాయంత్రం హారిక ఫోనులో కబురు పంపింది: 'అర్హులు' అని, ఈసారి ఆకుపచ్చ అక్షరాలు. సోమవారం చేరాలి. నాగేశు వేటకు వెళ్ళిపోయాడు, దేవికి జ్వరం. తెనాలికి నేనే తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఆ పిల్ల కంప్రెషర్ల గురించి చెబుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను. దాని సంతోషం చూస్తే నా కోపం కాసేపు ఎటో పోయింది. హాస్టలు ఆఫీసులో వార్డెను ఒక ఫారం ఇచ్చింది. అందులో ఒక గడి ఉంది: అవసరమైతే పిలవాల్సిన వారి పేరు, ఫోను నంబరు, బంధుత్వం. హారిక నా పేరు రాసింది, నంబరు రాసింది. పెన్ను మూడో గడికి వచ్చింది.

వార్డెను కళ్ళజోడు మీంచి నన్ను చూసి, ఆప్యాయంగానే అడిగింది. "ఎవరమ్మా, మీ మామ్మా?"

 ఆ కాగితం ఎక్కడికి పోతుందో, ఏ కంప్యూటరులో పడుతుందో, నేను ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. నాకంటే ముందు హారికే తలెత్తింది.

"కాదండి. బాపట్లలో తెలిసినావిడ" అంది. గడిలో కూడా అదే రాసింది, గుండ్రటి అక్షరాలతో.

మా అయ్యకు ఆ మాట గొంతు దాటడానికి నా మోచెయ్యి కావలసి వచ్చింది. నాగేశుకు నా బెదిరింపు కావలసి వచ్చింది. ఈ పిల్ల ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.